పుస్తకం తీసిన చోట అల్లం కొమ్ము

మా మేష్టారు పోయారన్న కబురు ఫోన్లో వచ్చింది. చెప్పింది ఆయన కూతురు. అరకులోయలో ఆరోగ్య కేంద్రంలో నర్సు. జబ్బులూ చావులూ రోజూ చూసే మనిషి కాబట్టి ఏడవకుండానే చెప్పింది. "అక్కా, నాన్న తెల్లారకట్ల ఎల్లిపోనారు. ఆసుపత్రిలోనే, నిద్దర్లో." అంతలో తనే ఇంకో మాట అడిగింది. "సంత రోజు జనం పుస్తకాలకి వస్తారు కదా. తలుపు తియ్యమంటావా, ముయ్యమంటావా?"

తియ్యమన్నాను. ఎందుకు తియ్యాలో అప్పుడు చెప్పలేకపోయాను. ఆ జవాబు ఇప్పుడు మీకు చెబుతున్నాను.

నాకు యాభై దాటాయి. పత్రికల్లో నా వ్యాసాలు చదివేవాళ్లలో సగం మంది నన్ను తిట్టడానికే చదువుతారని నాకు తెలుసు. సభల్లో నా పేరు పిలిస్తే నిర్వాహకులు గడియారం వైపు చూసుకుంటారు. అలాంటి నన్ను "గుంటా" అని పిలిచే మనిషి ఒక్కరే మిగిలారు. మా వైపు ఆడపిల్లని గుంట అంటారు. నెరిసిన జుట్టుతో ఆయన గుమ్మంలో నిలబడ్డా, "ఏటి గుంటా, ఈసారి ఎవలి మీద కోపం?" అనేవారు. కోపం ఉంటుందని ఆయనకి అనుమానమే లేదు. ఎవరి మీదన్నదే ప్రశ్న.

మా నాన్న కిరండూల్ రైలు లైన్లో గ్యాంగ్‌మన్. నేను అరకు బడిలో చదివాను. తెలుగు చెప్పింది ఈయన. తెలుగు ఆయన ఇంటి భాష కాదు. బొర్రా పైన కొండ మీద పల్లె ఆయనది. ఇంట్లో కువి, సంతలో ఒడియా కలిసిన మాట, బడికెళ్లాక తెలుగు. అందుకేనేమో తెలుగుని ఆయన పుట్టుకతో వచ్చిన ఆస్తిలా దుబారా చేసేవారు కాదు. అడిగి తెచ్చుకున్న పనిముట్టులా శుభ్రంగా వాడేవారు. తరగతిలో ఒక తెలుగు, అరుగు మీద ఒక తెలుగు. రెండూ ఆయనవే. వ్యాసంలో తప్పు రాస్తే కొట్టేవారు కాదు. "పైకి సదువు. నీ సెవికే తెలుస్తాది" అనేవారు. ఈ రోజుకీ ఏది రాసినా పైకి చదువుకుంటాను. ఇంట్లోవాళ్లు నేను ఫోన్లో ఎవరితోనో దెబ్బలాడుతున్నాననుకుంటారు.

ఆయన ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే మనిషి. నేను దేవుడి మీద కూడా వ్యాసాలు రాసినదాన్ని. ఈ విషయంలో మేం చాలా ఏళ్లు వాదించుకున్నాం. నా వాదన తారస్థాయికి చేరగానే ఆయన లేచి టీ పెట్టేవారు. "దేవుడు తిట్లు తినడానికి అలవాటు పడ్డాడులే. నువ్వు టీ తాగు, సల్లారిపోతంది." ఇక ఆ తర్వాత ఎవరైనా ఏం వాదిస్తారు.

పెద్దవయసులో ఆయన కళ్లు మందగించాయి. శుక్లాల ఆపరేషన్ అయినా చిన్న అచ్చు చదవలేకపోయేవారు. నేనొక ఈ-రీడర్ కొని పట్టుకెళ్లాను. ఊరికే ఇస్తే అది నేనెలా అవుతాను. ఉపన్యాసం ఇచ్చి మరీ ఇచ్చాను. అక్షరాలు ఎంత కావాలంటే అంత పెద్దవవుతాయి. వానాకాలం చెమ్మ పట్టదు, చెద తినదు. పుస్తకాల కట్టలు ఘాట్ రోడ్డెక్కి రానక్కర్లేదు. కాగితం అంటే ఎక్కడో ఒక కొండ మీద వెదురు నరకడమే కదా, మీ కొండ ఎందుకు కాకూడదు అని కూడా అడిగాను. ఆయన అంతా విని, బడిపిల్లాడిలా పక్కన కూర్చుని, ఎక్కడ నొక్కితే పేజీ తిరుగుతుందో నేర్చుకున్నారు. తర్వాతెప్పుడు వెళ్లినా అరుగు మీద దాంతోనే కనపడేవారు. తెర మీద చింతపిక్కలంత అక్షరాలు. తెలుగులో అలా దొరికే పుస్తకాలు తక్కువే. దొరికినవన్నీ చదివేశారు. నేను గెలిచాననుకున్నాను.

కానీ ముందుగదిలోని చెక్క అరల్లో కొత్త పుస్తకాలు వస్తూనే ఉన్నాయి. కాగితం పుస్తకాలు. ఆయన నెలకోసారి రైలెక్కి, టైడా మీదుగా విశాఖపట్నం దిగి, సంచీ నింపుకుని మర్నాటికి వచ్చేవారట. నాకు ఒళ్లు మండింది. మీ దగ్గర యంత్రం ఉంది కదా, ఇంకా ఇవెందుకని అడిగాను.

"ఇది దాంట్లో సదివినాను గుంటా. బాగుంది. అందుకని కొన్నాను."

"చదివేశాక కొనడమేంటి మేష్టారూ?"

"సదవకుండా కొంటే బాగుందో నేదో ఎలగ తెలుస్తాది?"

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. కొత్త పుస్తకం వాసన, పేజీ తిప్పినప్పటి చప్పుడు, గుండెల మీద పెట్టుకుంటే బరువు, ఇలాంటివి చెప్పేవాళ్లంటే నాకు పడదు. పుస్తకాన్ని అగరొత్తిగా మార్చేసిన జనం వీళ్లు. వాసన కోసమైతే సంతలో మిరియాలు కొనుక్కోవచ్చు. మేష్టారు కూడా ఆ పాటే పాడతారని, పాడగానే ఖండిద్దామని కాచుకుని కూర్చున్నాను. ఆయన వాసన ఊసే ఎత్తలేదు. "సదవడానికి ఇది. ఇవ్వడానికి అది" అన్నారు, ఒక చేతిలో రీడర్, ఇంకో చేతిలో పుస్తకం చూపించి. అంతే. టీ పెట్టడానికి లేచిపోయారు.

ఆ ఇల్లు అరకు సంతకి వెళ్లే దారిలో ఉంది. సంత రోజు పొద్దున్నే ముందు తలుపు బార్లా తీసి పెట్టేవారు. కొండల మీంచి బుట్టలతో దిగేవాళ్లూ, జీపుల్లో వచ్చేవాళ్లూ లోపలికొచ్చి పుస్తకం తీసుకుని వెళ్లేవాళ్లు. పేర్లు రాసుకోవడం, సంతకాలు పెట్టించుకోవడం లేదు. ఒకటే నియమం. పుస్తకం తీసిన చోట ఏదో ఒకటి పెట్టి వెళ్లాలి. తెచ్చి ఇచ్చినప్పుడు దాన్ని తీసేసుకోవాలి. అందుకని ఆ అరల్లో పుస్తకాల మధ్య ఎండిన అల్లం కొమ్ము ఒకటి, చోడి కంకి ఒకటి, రాజ్‌మా కాయలు, కరక్కాయ, గుడ్డపీలికలో మూటకట్టిన కాఫీ గింజలు. ఒక జీపు డ్రైవరు పాత స్పార్క్ ప్లగ్గు పెట్టాడు. ఏది ఎవరిదో మీకెలా తెలుస్తుందని అడిగితే, "నాకెందుకు తెలవాలి? పెట్టినోడికి తెలుస్తాది కదా" అన్నారు.

నేను ఊరుకోలేదు. ఈ-రీడరే ఇవ్వచ్చు కదా అన్నాను. ఆ పనీ అయిందట. ఆ జీపు డ్రైవరుకే ఇచ్చి చూశారు. వాడు దాన్ని రెండు తువ్వాళ్లలో చుట్టి పట్టుకెళ్లి, సాయంత్రానికే వెనక్కి తెచ్చేశాడు. కిందపడితే తనవల్ల కాదని, ఇంట్లో పిల్లలు ముట్టుకుంటుంటే గుండె ఆగిపోతోందని మొరపెట్టుకున్నాడు. పుస్తకమైతే అదే డ్రైవరు సీటు కింద పడేసుకుని, జనం నిండేదాకా స్టాండులో చదువుకునేవాడు. ఇంకో సంగతి కూడా మేష్టారు గమనించారు. రీడరు వాడి దగ్గరున్న ఆ పూటంతా ఆయనకి చదువుకోవడానికి ఏమీ లేదు. "ఒక్క పుస్తకం అడిగినోడికి అర మొత్తం ఇచ్చీసినట్టయింది గుంటా. మళ్లీ సూస్తే అరలో ఖాళీయే నేదు. ఇచ్చినట్టా, ఇవ్వనట్టా?"

నేను దానికీ ఏదో సమాధానం చెప్పే ఉంటాను. ఏం చెప్పానో గుర్తులేదు కానీ అది తప్పని నాకు అర్థమైన రోజు గుర్తుంది. డబ్బిచ్చి కొనుక్కున్న ఒక పుస్తకం ఒక పొద్దున నా రీడర్లోంచి మాయమైంది. అమ్మినవాళ్లకీ పుస్తకం వేసినవాళ్లకీ మధ్య ఏదో ఒప్పందం ముగిసిందట. నేను సగం చదివాను, వాక్యాల కింద గీతలు గీసుకున్నాను. గీతలతో సహా పోయింది. నేను ఎంత రెచ్చిపోయానో ఊహించుకోండి. రాత్రికి రాత్రి వ్యాసం రాశాను. దుకాణంవాడు మన ఇంట్లోకొచ్చి అమ్మిన బియ్యం ఎత్తుకుపోతే దొంగతనం అంటాం, పుస్తకం ఎత్తుకుపోతే షరతులు అంటున్నారు అని రాశాను. ఆ కోపంతోనే మేష్టారికి ఫోన్ చేసి చదివి వినిపించాను. ఆయన అంతా విని, "నీకు అమ్మినారని ఎవలు సెప్పినారు? సూపించినారంతే" అన్నారు. నా రెండు పేజీల కోపం ఆయనకి ఒక్క మాటలో సరిపోయింది. పత్రికకి పంపే ముందు ఆ మాట దొంగిలించి చివర్లో పెట్టుకున్నాను. ఆయనకి చెప్పే పెట్టుకున్నాను.

ఆయన చిన్నప్పుడు వాళ్ల పల్లెలో అచ్చు పుస్తకం చర్చిలో ఒక్కటే ఉండేదట. చేతులు కడుక్కుంటేనే ముట్టుకోనిచ్చేవారు. ఇంటికి పట్టుకెళ్తానంటే నవ్వేవారు. దాన్ని తిట్టుకోలేదాయన. పుస్తకం అంటే ఇంటికి పట్టుకెళ్లగలగాలి, అంతే, అని తేల్చుకున్నారు. నేనైతే ఆ నవ్విన పెద్దల మీద ఒక సంపుటి రాసి ఉండేదాన్ని. ఆయన అరలు కొట్టించారు.

పట్నం సభల్లో మేధావులు నాతో చాలాసార్లు అన్నారు, కొండల మీద వాళ్లకి పుస్తకాలెందుకండీ, ఫోన్లొచ్చేశాయి కదా అని. అనేవాళ్లకి మాత్రం ఇంట్లో గోడ నిండా పుస్తకాలు, సంచిలో రీడరు, చేతిలో ఫోను. మూడూ కావాలి. ఎదుటివాడికి మాత్రం ఒకటి చాలు. ఈ మాటకి నా దగ్గర జవాబు ఎప్పుడూ కోపంగానే ఉంటుంది. మేష్టారి జవాబు అరల్లో ఉండేది.

ఆయన్ని చర్చి వెనక శ్మశానంలో సమాధి చేశారు. నేను ఆ రోజుకి అందుకోలేకపోయాను. ఆదరణ కూడిక రోజుకి వెళ్లాను. చావింటికి సంఘమంతా వచ్చి, ప్రార్థన చేసి, ఇంటివాళ్లకి తోడు కూర్చునే రోజది. అందుకోసం సంఘం ఆడవాళ్లు ముందురోజే ఇల్లంతా కడిగి తుడిచారు. నేను గుమ్మంలో అడుగుపెట్టి అరల వైపు చూశాను. పుస్తకాలు నిటారుగా, అద్దంలా మెరుస్తున్నాయి. మధ్యలో ఖాళీలు. ఖాళీల్లో ఏమీ లేదు. అల్లం లేదు, కంకి లేదు, కరక్కాయ లేదు. మేష్టారు మంచాన పడ్డాక ఇల్లు చూసేవాళ్లు లేక ఎలకలో పిల్లలో పోగేసిన చెత్త అనుకుని, ఆ తల్లులు చేటతో ఎత్తి పెరట్లో పోసి తగలబెట్టేశారు. వాళ్లు ఆదివారం చర్చిలో ఆయన్ని చూసేవాళ్లే తప్ప, సంత రోజు ఈ ఇంటికి వచ్చేవాళ్లు కాదు.

నేను అరిచాను. ప్రార్థనకి వచ్చిన ఇంట్లో అరవకూడదని నాకూ తెలుసు. మేష్టారు ఉండుంటే టీ పెట్టేవారు. ఆయన కూతురు నా భుజం మీద చెయ్యేసి, "పోనీలే అక్కా, ఆళ్లు మంచికే సేసినారు" అంది.

సంఘం పెద్ద ఒకాయన సౌమ్యంగా ఒక మాట చెప్పాడు. ఈ పుస్తకాలన్నీ మిషన్ బడికి ఇచ్చేస్తే అద్దాల బీరువాలో, మేష్టారి ఫోటో కింద భద్రంగా ఉంటాయి అని. మంచివాడే. ఆయన మీద కూడా అరిచేదాన్నే. అద్దాల బీరువాల సంగతి నాకు తెలుసు. తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియని బీరువాలు ఈ దేశంలో ఎన్ని బడుల్లో చూశానో. పుస్తకం పోతే లెక్క చెప్పాలని భయం, చదవకపోతే అడిగేవాడు లేడు. మేష్టారి కూతురు మా ఇద్దరి మధ్యా నిలబడింది. "ఎల్లుండి సంత. అంతవరకు ఆగుదాం. గుర్తులు పోయినాయి కదా, ఎవలూ తేకపోతే బడికి పంపించీద్దాం. నాను డ్యూటీకెల్తే సూసేవోలు ఉండరు. తెస్తే మాత్రం తలుపు మూసీది నేదు."

సంత పొద్దున పొగమంచు దట్టంగా ఉంది. తలుపు తీసి మేష్టారి కూతురూ నేనూ కూర్చున్నాం. అల్లం తగలబెట్టిన వాళ్లలో ఒకామె కూడా సిగ్గుపడుతూ వచ్చి గోడవారగా కూర్చుంది. బుట్టలు దిగుతున్నాయి, జీపులు దిగుతున్నాయి. మా గుమ్మం ముందునుంచే వెళ్లిపోతున్నారు. అమ్ముకునే సరుకు అమ్ముకోవాలి కదా. ఎండెక్కింది. ఎవరూ రాలేదు. ఈ దేశంలో మంచి పని మనిషితోనే పోతుందని నా బుర్రలో వ్యాసం మొదటి పేరా తయారైపోయింది. పైకి కూడా చదువుకున్నాను. బాగానే ఉందనిపించింది, పాపిష్టిదాన్ని.

అప్పుడు అల్లం అమ్మే ముసలమ్మ వచ్చింది. బుట్ట గుమ్మం బయట దించింది. విస్తళ్లు కుట్టే అడ్డాకులో చుట్టిన పుస్తకం కొంగులోంచి తీసింది. ఆవిడకి చదువు రాదు. పుస్తకం పట్టుకెళ్తే మనవరాలు పైకి చదువుతుంది, ఇంటిల్లిపాదీ వింటారు. ఆవిడ మమ్మల్ని చూడలేదు. సరాసరి రెండో అర దగ్గరికెళ్లి, ఒక ఖాళీలో చెయ్యి పెట్టి తడిమింది.

"నా అల్లం ఏది?"

గోడవారగా కూర్చున్నామె లేచి నిలబడింది. "సెత్తనుకుని పారేసినాం పిన్నీ."

"అరలో సెత్త ఎవలు పెడతారే? మీ ఇంట్లో పెడతారా?"

పాపం ఆమె తలొంచుకుంది. ముసలమ్మ పుస్తకాన్ని ఆ ఖాళీలో దూర్చింది. ఇరుకుగా ఉంటే పక్కవి జరిపి మరీ దూర్చింది. తర్వాత మనవరాలు చెప్పిన గుర్తు ప్రకారం పై అరలో ఎర్ర అట్ట పుస్తకం తీసుకుంది. బయటికెళ్లి బుట్టలోంచి కొత్త అల్లం కొమ్ము ఒకటి ఏరి తెచ్చి దాని చోట పెట్టింది. కొమ్ముకి కొండమట్టి ఇంకా తడిగానే ఉంది. తుడిచిన అర మీద మరక పడింది. శుభ్రం చేసిన ఆమె ఆ మరకని చూసింది. తుడవలేదు.

సరుకులు అమ్ముడయ్యాక ఒక్కొక్కరే మొదలయ్యారు. గుర్తు లేకపోయినా ఎవరి ఖాళీ వాళ్లకి తెలుసు. నేను దిక్కుమాలిన వ్యాసం కట్టుకున్న బుర్రతో అలా చూస్తూ ఉండిపోయాను. జీపు డ్రైవరు మాత్రం గొడవపడ్డాడు. తన స్పార్క్ ప్లగ్గు తనకి కావాలన్నాడు. అది ఇనుము కదా అని ఆ తల్లులు కాల్చకుండా పెరటి గోడ మీద పెట్టారు. వెతికి తెచ్చి ఇస్తే, ఊది, తుడిచి, ఇంకో పుస్తకం తీసి మళ్లీ అక్కడే పెట్టి వెళ్లాడు. దానికోసమేనా ఇంత రభస అని నవ్వితే, "పద్ధతి పద్ధతే కదండీ" అన్నాడు. అన్ని పుస్తకాలూ ఆ రోజే రాలేదు. కొన్ని ఖాళీలు మిగిలాయి. సంతలు ఇంకా ఉన్నాయిగా. సంఘం పెద్ద సాయంత్రం వచ్చి, చూసి, బీరువా మాట ఎత్తకుండా తనే ఒక పుస్తకం పట్టుకెళ్లాడు. జేబులో ఏమీ దొరక్క రుమాలు పెట్టాడు.

ముసలమ్మ ఖాళీ బుట్టతో పోతూ పోతూ మళ్లీ లోపలికొచ్చింది. పై అరలో రెండు పుస్తకాల మధ్య ముందుకి తిప్పి నిలబెట్టి ఉన్న ఈ-రీడరుని చూపించి, అది ఎవరిదని అడిగింది. ఖరీదైన వస్తువని సంఘం వాళ్లే తుడిచి అక్కడ అలంకారంగా పెట్టారని నేననుకున్నాను. మేష్టారి కూతురు కాదంది. ఆసుపత్రికి బయల్దేరిన రోజు నాన్నే పెట్టారంది. యంత్రం తీసుకెళ్లమని తను అంటే, ఆసుపత్రిలో దాన్ని చూసి ఎవరూ పలకరించరని, పుస్తకమైతే పక్క మంచం మనిషి కూడా అడుగుతాడని, అరలోంచి ఒక పుస్తకం తీసుకున్నారట. నియమం తనకి మాత్రం వేరేనా అని, తీసిన చోట రీడరు పెట్టారు. అనుకున్నట్టే పక్క మంచం మనిషి అడిగాడట. ఓపిక లేనప్పుడు అతనే మేష్టారికి చదివి పెట్టాడట. ఆ పుస్తకం ఇంకా కూతురి డ్యూటీ సంచిలోనే ఉంది. అడ్డాకు ముక్క పెట్టిన పేజీ దగ్గర్నుంచి తను చదువుతోంది.

ముసలమ్మ ఇదంతా విని తల ఊపింది. "అయితే మేష్టారి కాడ ఒక పుస్తకం ఉందన్నమాట."

సాయంత్రం నేను బయల్దేరేముందు కూతురు తలుపు దగ్గరికి వేసింది, గడియ పెట్టలేదు. సందులోంచి వెలుగు అరల మీద పడుతోంది. రీడర్లో ఛార్జి ఎప్పుడో అయిపోయింది. కానీ అలాంటి తెర మీద ఆఖరున ఏది ఉంటే అదే నిలిచిపోతుంది. మేష్టారు ఏ పుస్తకాన్ని దాంట్లో చదివి, నచ్చి, రైలెక్కి వెళ్లి కొని తెచ్చి, ఆసుపత్రికి పట్టుకెళ్లారో, ఆ ఖాళీలో ఏ పుస్తకం ఉండాలో, దాని అట్టబొమ్మే ఆ తెర మీద నలుపు తెలుపుల్లో కనిపిస్తోంది. అదే అరలో కొంచెం అవతల, మట్టి ఆరని అల్లం కొమ్ము.